రెండున్నర గంటల దూరం

యథార్థ గాథ

2004 డిసెంబర్ 26. ఆదివారం. మార్గశిర పౌర్ణమి.

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఆదివారం చీకటి ఉండగానే మొదలవుతుంది. చిక్కుడుకాయలు, మెంతికూర గుట్టలుగా దిగే చలికాలం. ఆ పొద్దున కూడా అలాగే తెల్లవారి ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం మూడొందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ ఊరికీ ఆ ఒడ్డుకీ పాత చుట్టరికం. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నమే రేవు. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా సాగే జాతీయ రహదారి ఇవాళ్టికీ మచిలీపట్నంలోనే ముగుస్తుంది.

ఆ దారి చివర, మంగినపూడి ఒడ్డుకి ఆ ఉదయం జనం వస్తున్నారు. పౌర్ణమి నాడు సముద్ర స్నానం చేస్తే పుణ్యమని నమ్మి వచ్చినవాళ్లు. తడిచీరలతో ఆడవాళ్లు, నడుంలోతు నీళ్లలో దండం పెట్టుకునే పెద్దలు, అల వచ్చినప్పుడల్లా కేరింతలు కొట్టే పిల్లలు ఆ ఒడ్డున ఉండి ఉంటారు. గాలి లేదు, మబ్బు లేదు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది పోయారు. ఆ తీరంలో దాన్ని మరిచిపోయిన ఇల్లు లేదు. కానీ ఆ ఉప్పెన పెనుగాలితో, జడివానతో వచ్చింది. ఇంత ప్రశాంతంగా ఉన్న ఆకాశం కింద సముద్రం మీద పడుతుందని ఎవరికి తోస్తుంది?

ఉదయం 6.28

కృష్ణా తీరంలో సూర్యుడు పొడుచుకొచ్చే వేళకి, ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రగర్భం చీలింది. ఆ చీలిక అండమాన్ల దాకా, దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున పాకింది. భూకంప తీవ్రత 9.1. పైకి లేచిన సముద్రపు అడుగు తన మీదున్న నీటినంతా ఒక్కసారిగా ఎత్తింది. అలా పుట్టిన అలలు లోతైన నీటిలో గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగంతో బయల్దేరాయి.

పావుగంటకల్లా హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం మొదటి ప్రకటన పంపింది. తీవ్రత 8 అని అప్పటికి తేలిన అంచనా. పసిఫిక్ తీరాలకు ముప్పు లేదని చెప్పింది. హిందూ మహాసముద్రానికి అలాంటి హెచ్చరిక వ్యవస్థే లేదు. కాసేపటికి కార్ నికోబార్‌లోని మన వైమానిక స్థావరాన్ని సముద్రం ముంచెత్తింది. అంటే ప్రమాదం మన గడ్డ మీదికి అప్పటికే వచ్చేసింది. ఆ కబురు మాత్రం మంగినపూడిలో స్నానాలు చేస్తున్నవాళ్లకు చేరలేదు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల పల్లెపాలేల్లో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లకూ చేరలేదు.

ఉదయం 9 గంటల ప్రాంతం

సునామీ వచ్చే ముందు సముద్రం వెనక్కి పోతుందని అందరం విన్నాం. థాయ్‌లాండ్ వైపు అలాగే జరిగింది. మన తూర్పు తీరానికి మాత్రం ముందు పొంగే వచ్చింది. వెనక్కి తగ్గడం తరవాతి సంగతి. నీళ్లు వెనక్కి పోయినప్పుడు పారిపోదామని చూస్తూ నిలబడ్డవాడికి ఇక్కడ ఆ గడువు ఉండదు.

విరిగి పడిపోయే అల కాదది. వస్తూనే ఉన్న నీరు. నడుంలోతులో ఉన్నవాళ్ల కాళ్ల కింద ఇసుక జారిపోయి ఉంటుంది. చేతిలో ఉన్న చెయ్యి జారిపోయి ఉంటుంది. ఒడ్డున కట్టిన పడవలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. వలలు కొట్టుకుపోయాయి. నీరు తగ్గిందనుకుని తమవాళ్లను వెతకడానికి దిగితే మళ్లీ వచ్చింది.

ఆంధ్ర తీరంలో ఆ రోజు 105 మంది చనిపోయారు. ప్రకాశంలో 35, కృష్ణాలో 27, నెల్లూరులో 20, తూర్పుగోదావరిలో 11, పశ్చిమగోదావరిలో 8, గుంటూరులో 4. పుణ్యస్నానానికి వచ్చి తిరిగి వెళ్లనివాళ్లు వీళ్లలో ఉన్నారు.

భూమి కంపించిన క్షణానికీ, నీరు ఒడ్డు దాటిన క్షణానికీ మధ్య సుమారు రెండున్నర గంటలు. సికింద్రాబాద్‌లో బయల్దేరిన వ్యాను సూర్యాపేట చేరేంత సేపు. ఒడ్డునున్న ముసలివాళ్లు సైతం నడిచి ఊరి లోపలికి వెళ్లిపోగలిగేంత సేపు. ఆ ఉదయం వ్యవధి ఉంది. లేనిదల్లా ‘లేవండి, వెళ్లండి’ అని చెప్పే గొంతు.

ఒక ఫోను, ఒక మైకు

ఆ గొంతు ఉన్న ఊళ్లో ఏం జరిగిందో పుదుచ్చేరి తీరంలోని నల్లవాడు చెబుతుంది. ఆ పల్లెకు చెందిన ఒక యువకుడు సింగపూర్‌లో పనిచేస్తున్నాడు. భూకంపం వార్త తెలియగానే ఇంటికి ఫోను చేశాడు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ సాయంతో నడిచే విజ్ఞాన కేంద్రం ఆ ఊళ్లో ఉంది. దాని మైకులో ఊరంతటికీ కబురు చెప్పారు. మూడున్నర వేలకు పైగా జనాభా ఉన్న పల్లె ఒడ్డు వదిలి లోపలికి వెళ్లిపోయింది. ప్రాణాలు నిలిచాయి.

మన ప్రభుత్వం నేర్చుకున్న పాఠం కూడా ఇదే. 1999లో నెలకొల్పిన ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. 2007 అక్టోబర్‌లో దేశపు సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం అక్కడే మొదలైంది. అలల చప్పుడు వినపడని మన నగరం నుంచే హిందూ మహాసముద్రం మీద రాత్రింబవళ్లు నిఘా సాగుతోంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు నిమిషాల్లోనే హెచ్చరికలు వెళ్లాయి.

హెచ్చరిక చివరి గడప దాకా చేరాలంటే ఊరు కూడా సిద్ధంగా ఉండాలి. 2020లో యునెస్కో ‘సునామీకి సిద్ధం’ అని గుర్తించిన మొదటి భారతీయ పల్లెలు ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి. ఆ తీరంలో నోలియాలంటే మన తెలుగు మత్స్యకారులే. ఎటు పరుగెత్తాలో తెలిపే దారి పలకలు, ఊరంతా కలిసి చేసే సాధన ఆ గుర్తింపుకి ఆధారం.

ఎవరూ లేని తీరానికి వెళ్లే ముందు

ఈ కథ ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. జంటనగరాల నుంచి శుక్రవారం రాత్రుళ్లు సముద్రం వైపు వ్యాన్లు కదులుతున్నాయి. మోండాలో ఉల్లిపాయలు, టమాటాలు కట్టించుకుని, గుడారాలు వెనక పడేసి, జనం లేని ఒడ్డు వెతుక్కుంటూ వెళ్లే కుర్రాళ్లు, కుటుంబాలు. సూర్యలంక, వాడరేవుల్లో రద్దీ అని ఇంకా పక్కకి, ఇంకా లోపలికి. వాళ్ల కోరిక మంచిదే. సరుగుడు తోటల పక్కన, దీపం లేని చీకట్లో, నక్షత్రాల కింద పడుకోవడం ప్రతి పిల్లకీ పిల్లాడికీ దక్కాల్సిన అనుభవం. కానీ జనం లేని ఒడ్డు అంటే హెచ్చరించే గొంతు లేని ఒడ్డు కూడా. సునామీ ఏ తరానికో ఒకసారి. సముద్రం మింగడానికి మామూలు ఆదివారం చాలు.

అందుకే మ్యాపులో ఏకాంతాన్ని వెతికేటప్పుడు దానికి దగ్గర్లో మత్స్యకార పల్లె ఉందో లేదో ముందు చూడండి. కేక వేస్తే వినపడేంత దూరం చాలు. సముద్రం ఎక్కడ లాగుతుందో, ఏ నది మొగ దగ్గర ఇసుక నిలవదో అక్కడి పెద్దలకు తెలిసినంత ఏ ఫోనుకీ తెలియదు. అలలు వరసగా విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీరు నునుపుగా, కాస్త నల్లగా కనపడితే అక్కడ దిగకండి. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పరుగెత్తే దారి అది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి.

గుడారం వేసేటప్పుడు ఎండిన నాచు, గవ్వలు గీతలా పేరుకున్న చోటు చూడండి. పోటు అక్కడిదాకా వస్తుంది. దానికి బాగా వెనక, ఎత్తు మీద వేయండి. నదులు కలిసే మొగల దగ్గర వద్దు. వ్యానుని ఇసుకలోకి దించొద్దు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, మంటలు, వెలుగులు వాటిని బెదరగొడతాయి. హంసలదీవి చుట్టుపక్కల కృష్ణా అభయారణ్యం ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ ‘సముద్ర’ యాప్‌లో అలల హెచ్చరిక చూడండి. మన ఊరి నుంచే వెళ్లే కబురు అది. భూమి గట్టిగా, చాలాసేపు ఊగినట్టు అనిపిస్తే హెచ్చరిక కోసం ఆగకుండా ఒడ్డు వదిలేయండి.

పొద్దుగూకకముందే ఆ పల్లెలోకి నడిచి వెళ్లి, ఒక ఇంటి ముందు ఆగి చెప్పండి: ‘అన్నా, మేం ఇంతమందిమి, ఫలానా చోట ఉంటాం, ఇదిగో మా నెంబరు.’ 105 మందికి ఆ ఆదివారం అందని కబురు మీకు అందే దారి అలా మొదలవుతుంది. చెప్పిన తరవాతే గుడారం విప్పండి.