తాగలేనంత వేడి

నేను ఇంగ్లిష్ చెప్పే మనిషిని కాదు, ఇంగ్లిష్ కొట్టే మనిషిని. 1994లో సూర్యాపేట నుంచి అమీర్‌పేటకు వచ్చేనాటికి నా దగ్గరున్న ఆస్తల్లా టైపు హయ్యర్ సర్టిఫికెట్టే. నిమిషానికి 45 మాటలు. మైత్రీవనం వెనక సందులో ఒక జాబ్‌వర్క్ షాపులో కూర్చోబెట్టారు. ఒక టైపు మిషను, ఒక సైక్లోస్టైల్ యంత్రం, గోడకు వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. నాకొచ్చిన మొదటి పని ఏదో ఇన్‌స్టిట్యూట్ వాళ్ల గ్రామర్ నోట్సు. మొదటి వరసలో పెద్దక్షరాలతో ‘రీరైట్ యాజ్ డైరెక్టెడ్’ అని ఉంది.

స్టెన్సిల్ కొట్టడం ఇప్పటివాళ్లు చూసి ఉండరు. రిబ్బన్ని తప్పించి, మైనం పూత ఉన్న కాగితం మీద అచ్చు నేరుగా పడేలా కొట్టాలి. అక్షరం కాగితాన్ని కోస్తుంది. ‘ఓ’ మీద వేలు గట్టిగా పడితే గుండ్రటి ముక్క ఊడి రాలిపోతుంది. తప్పు దొర్లితే ఎర్రటి మందు పూసి, ఊది ఆరబెట్టి, మళ్లీ కొట్టాలి. ఆ బాధ పడలేక, కొట్టేముందు ప్రతి వాక్యం నోట్లో ఒకసారి అనుకునేదాన్ని. ఏ క్లాసులోనూ కూర్చోకుండా నాకు గ్రామర్ వచ్చింది అలాగే.

‘యాజ్ సూన్ యాజ్ ద థీఫ్ సా ద పోలీస్, హి రాన్ అవే.’ దీన్ని ‘నో సూనర్’తో మొదలుపెట్టి రాయాలి. ‘నో సూనర్ డిడ్ ద థీఫ్ సీ ద పోలీస్ దాన్ హి రాన్ అవే.’ ఎక్కడా లేని ‘డిడ్’ వచ్చి దొంగ ముందు కూర్చుంటుంది. ‘సా’ కాస్తా ‘సీ’ అయిపోతుంది. మధ్యలో ‘దాన్’ పడాలి. ఒకసారి నేను దాని బదులు ‘వెన్’ కొట్టాను. చెవికి అదే బాగుందనిపించింది మరి. రెండు వందల కాపీలు తిరిగాక సార్ చూశారు. “ఏమ్మా, దొంగతోపాటు మార్కు కూడా పారిపోయిందే” అన్నారు. ఒక ముప్ఫై కాగితాలు అప్పటికే పంచేశారు. మిగతావన్నీ రాత్రి కూర్చుని పెన్నుతో దిద్దాను. ఆ ముప్ఫైమందీ ఇప్పటికీ ఎక్కడో ‘వెన్’ అనే రాస్తున్నారేమోనని నాకు అనుమానం.

సార్లు వేరైనా వాక్యాలు మాత్రం అవే వచ్చేవి. ఎందుకంటే ఊటబావి ఒకటే, రెన్ అండ్ మార్టిన్. 1930లలో వచ్చిన ఆ గ్రామర్ పుస్తకం రాసినవాళ్లలో పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ బొంబాయి వైపు విద్యాశాఖలో పనిచేసినవాడు. ఎడారి సైనికుల మీద ‘బో జెస్ట్’ అనే నవల 1924లో రాసి పేరు తెచ్చుకున్నదీ ఆయనే. మన పిల్లలకు మాత్రం ‘రెన్’ అంటే ఎక్సర్‌సైజు నంబరు. పుస్తకాన్ని తర్వాతి కాలానికి సరిపడా దిద్దిన ఎన్.డి.వి. ప్రసాదరావు గారి పేరు అట్ట మీద చూపించి, పేరును బట్టి మనవాడేనని సార్లు మురిసిపోయేవారు. రెన్ కంటే ముందే, పందొమ్మిదో శతాబ్దం చివర, ఉత్తరాదిన విద్యాశాఖ అధికారిగా ఉన్న నెస్‌ఫీల్డ్ అనే దొర రాసిన గ్రామర్లను మన తాతల తరం బట్టీపట్టింది.

ఇన్నేళ్లు ఈ తంతు ఎందుకు నిలిచిందంటే, నాకు తోచిన కారణం ఒకటే. వ్యాసం దిద్దాలంటే దిద్దేవాడికి ఇంగ్లిష్ రావాలి. వాక్యం మార్పిడి దిద్దడానికి జవాబుల కాగితం ఉంటే చాలు. దేశమంతటా ఇంగ్లిష్ బోధనను బాగుచేయడానికని 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, ఇప్పటి ఇఫ్లూ, ఉన్నది ఇదే ఊళ్లో. భాషను వాడుకలోంచి నేర్పాలని అక్కడి పెద్దలు ఎంతగా చెప్పినా, తార్నాక నుంచి ఆ మాట అమీర్‌పేట బస్సు ఎక్కలేదు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచేనాటికి నేను పేజ్‌మేకర్‌కు మారాను. పొద్దున కోబాల్ నోట్సు, సాయంత్రం గ్రామర్ నోట్సు. ఎస్సార్ నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు కర్రీ పాయింట్ ప్యాకెట్టు ఒక చేత్తో, మా జిరాక్స్ కట్ట ఒక చేత్తో పట్టుకుని సత్యం థియేటర్ ముందు నుంచి నడుస్తుండేవాళ్లు. (ఆ థియేటర్ స్థలంలోనే 2023లో కొత్త మల్టీప్లెక్సు వచ్చింది.) కాల్‌సెంటర్ల రోజుల్లో గ్రామర్ క్లాసులు డీలాపడ్డాయి. ఫోన్లో ఎవరూ ‘నో సూనర్’ అనరు కదా.

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో చేకూరి రామారావు (చేరా) గారి ‘తెలుగు వాక్యం’ దొరికింది. 1975 నాటిది. అమెరికాలో చామ్‌స్కీ 1957లో మొదలుపెట్టిన పద్ధతిని, అంటే ఒక వాక్యం ఇంకో వాక్యంలో ఎలా ఒదుగుతుందో, ఏ రూపం ఏ రూపంగా మారుతుందో చూసే పద్ధతిని, చేరా మన భాషకు పట్టి చూశారు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం చాలు. ‘ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్’ని ‘సో హాట్ దట్ ఐ కెనాట్ డ్రింక్ ఇట్’గా మార్చమంటే కుర్రాళ్లు ఆ చివరి ‘ఇట్’ మరిచిపోయి మార్కు పోగొట్టుకునేవారు. అదే కుర్రాడు కింద ఇరానీ హోటల్లో కప్పు బల్ల మీద పెట్టేసి “అబ్బ, తాగలేనంత వేడిగుందిరా” అనేవాడు. ‘తాగలేనంత’లో ఆ ‘సో’, ఆ ‘దట్’, ఆ ‘కెనాట్’ మూడూ ఉన్నాయి. ‘నిన్న వచ్చినాయన’లో ‘హూ’ లేదు. దొంగ విషయానికొస్తే ‘చూడగానే పారిపోయాడు’. ‘గానే’ అన్న రెండక్షరాల కోసమే నేను ఒక రాత్రంతా పెన్ను పట్టుకు కూర్చున్నది. ఈ సంగతి ఏ సారూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించగా నేను చూడలేదు. నాకిప్పటికీ కోపమే.

తెలుగు పరీక్షలోనూ అదే రోగం పట్టుకుంది. సామాన్య వాక్యాన్ని సంశ్లిష్టంగా మార్చు, కర్తరిని కర్మణిగా మార్చు. మా అబ్బాయి పదో తరగతిలో ‘అమ్మ చేత వంట చేయబడింది’ అని రాస్తుంటే, ఈ చేత ఎవరి చేతరా అని అడిగాను. ఏ ఇంట్లో అన్నారు ఆ మాట?

2006లో పంజాగుట్టకు మారాను. విదేశీ చదువుల కన్సల్టెన్సీలో ఉద్యోగం, నిమ్స్‌కు కాస్త దూరంలో. అక్కడ వాక్యం మార్చడానికి ఇంకో గిరాకీ ఉంది. ప్రతి పిల్లవాడూ అమెరికా యూనివర్సిటీకి ఎస్‌ఓపీ పంపాలి, తనెందుకు చదవాలనుకుంటున్నాడో రాసి. అందరి కథా ఒకటే. చిన్నప్పటి నుంచీ కంప్యూటరంటే ఇష్టం, నాన్నే ఆదర్శం. ఒకే యూనివర్సిటీకి పది కాగితాలు ఒక్క తీరుగా వెళ్తే పట్టేస్తారని భయం. అందుకని ‘బికాజ్’ తీసి ‘సిన్స్’, యాక్టివ్ తీసి పాసివ్, ఒక వాక్యాన్ని రెండు చేసి, రెండింటిని ఒకటి చేసి రాయించేవారు. నేనూ చేశాను, జీతం తీసుకున్నాను. ప్రాజెక్టు రిపోర్టులు అమ్మేచోట కూడా ఇదే విద్య. నెస్‌ఫీల్డ్ దొర మార్కుల కోసం పెట్టిన లెక్క మా చేతికొచ్చేసరికి దొరక్కుండా ఉండటానికి పనికొచ్చింది. ఆ పనిలో నాకంటే వేగంగా చేసేవాళ్లు లేరని చెప్పుకోవడానికి సిగ్గూ ఉంది, కొంచెం గర్వమూ ఉంది. ఇప్పుడైతే ఆ పని కంప్యూటరే క్షణంలో చేసి పెడుతోంది.

2020 లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. క్లాసులు ఫోన్లలోకి వెళ్లాయి. కన్సల్టెన్సీ మానేసి, మళ్లీ అమీర్‌పేటలోనే మెట్రో స్టేషన్ కింద చిన్న జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. పైన రెండు లైన్లు కలుస్తాయి, కింద జనం తెగరు.

2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్‌కు వారం ముందు ఒకమ్మాయి వచ్చింది. జనరల్ ఇంగ్లిష్ పేపరు అర్హత కోసమే, ర్యాంకులో కలపరు. పదో తరగతి స్థాయి. అయినా ఆ అమ్మాయి మొహంలో భయం కనిపిస్తోంది. “ఆంటీ, ఇది రెండు సెట్లు చెయ్యరా?” అంటూ కాగితాలిచ్చింది. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. అంచులు నల్లబడిపోయాయి. పేజీలు తిప్పాను. వాయిస్, స్పీచ్, డిగ్రీలు దాటాక దొంగ వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను.

‘దాన్’ అనే ఉంది.

మొత్తం 32 పేజీలు. స్పైరల్ వెయ్యమంటావా అని అడిగాను.