చెమ్మ ఎవరి తప్పు? – గ్లాస్గో కౌన్సిల్ ఇళ్ల అద్దెదారుల ఆందోళన: ఒక పరిశీలన

ఇంటి యజమాని ప్రైవేటు వ్యక్తి అయినప్పుడు అద్దెదారు ఫిర్యాదు ప్రభుత్వం దగ్గరికి వెళుతుంది. ప్రభుత్వ సంస్థే యజమాని అయినప్పుడు ఆ ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలి? ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లు లక్షలాది కుటుంబాలకు ఇళ్లు కట్టి అద్దెకిచ్చిన చరిత్ర అంతటా ఈ ప్రశ్న వినిపిస్తుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కౌన్సిల్ ఇళ్ల కోసం పట్టుబట్టిన నగరమూ అదే, ఆ ఇళ్ల గోడల మీద బూజు చూసి వీధికెక్కిన నగరమూ అదే.

1915లో పరిస్థితి సరళమైనది. యుద్ధకాలంలో నౌకా నిర్మాణ కేంద్రాలకూ ఆయుధ కర్మాగారాలకూ కార్మికులు వెల్లువగా రావడంతో గోవన్ ప్రాంతపు ఇళ్ల యజమానులు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ వంటి మహిళల నాయకత్వంలో సుమారు 20,000 కుటుంబాలు పెంచిన అద్దె చెల్లించడం మానివేశాయి. నవంబరు 17న వేలమంది న్యాయస్థానం ముందు గుమిగూడారు. కేసులు ఆగిపోయాయి. అద్దెలను యుద్ధారంభ కాలపు స్థాయికి పరిమితం చేసే చట్టం ఆ ఏడాదే వచ్చింది. ఇక్కడ ప్రత్యర్థి ఎవరో అందరికీ తెలుసు. కోరిక ఒకటే, కొలవదగినది, అంకెల్లో చెప్పవచ్చు.

1919 గృహనిర్మాణ చట్టాలతో దృశ్యం మారింది. ప్రభుత్వ సహాయంతో కౌన్సిళ్లు పెద్దయెత్తున ఇళ్లు కట్టడం మొదలుపెట్టాయి. 1920లో బార్బర్ స్వయంగా గ్లాస్గో కౌన్సిల్ సభ్యురాలిగా ఎన్నికైంది. అద్దె నిరాకరించిన ఉద్యమం నుంచి వచ్చిన వ్యక్తి అద్దె వసూలు చేసే సంస్థలో సభ్యురాలైంది. ఇందులో ద్రోహమేమీ లేదు. ఆ తరం కోరుకున్నదే ఇది. అయితే ఆ తర్వాతి అద్దెదారుకు తన యజమాని తాను ఓటు వేసి ఎన్నుకున్న సంస్థే కావడం వల్ల కోపం చూపవలసిన దిశ మాత్రం మసకబారింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత గోర్బల్స్ ప్రాంతపు పాత ఇరుకు ఇళ్లను పడగొట్టి కొత్త భవన సముదాయాలు నిర్మించారు. వాటిలో హచిసన్‌టౌన్ ‘ఇ’ అనే సముదాయాన్ని ట్రాకోబా అనే ఫ్రెంచి పద్ధతిలో కట్టారు. కర్మాగారంలో తయారైన కాంక్రీటు పలకలను తెచ్చి కూర్చడమే ఆ పద్ధతి. తక్కువ కాలంలో ఎక్కువ ఇళ్లు లేవాలన్నది ఆనాటి ఒత్తిడి. కొత్త ఇళ్లలోకి వచ్చిన కుటుంబాలకు స్నానాల గదులు దక్కాయి. చెమ్మ కూడా దక్కింది. కొద్ది కాలంలోనే గోడలు నల్లబడ్డాయి. బట్టలకూ పరుపులకూ బూజు పట్టింది. స్థానికులు ఆ సముదాయానికి ‘డ్యాంపీస్’ అని పేరు పెట్టారు. తెలుగులో ‘చెమ్మకొంపలు’ అనవచ్చు. అధికారుల నివేదికల కన్నా ఈ పేరే నగర జ్ఞాపకంలో నిలిచింది.

వివాదం అసలు చెమ్మ ఉందా లేదా అన్నది కాదు, దాన్ని ఏ మాటతో పిలవాలన్నది. వాన నీరు గోడలోంచి దిగితే అది కట్టడపు లోపం, బాధ్యత యజమానిది. లోపలి ఆవిరి చల్లని గోడకు తగిలి నీరైతే అది నివాసుల అలవాటు ఫలితమని కౌన్సిల్ వాదించింది. కిటికీలు తెరవడం లేదనీ, ఇంటిని తగినంత వెచ్చబెట్టడం లేదనీ నింద అద్దెదారుల మీదికి మళ్లింది. చలిదేశంలో ఇల్లు వెచ్చబెట్టడానికి డబ్బు కావాలి. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇంధన వ్యయం పెరిగిన రోజులవి. వెచ్చబెడితే బిల్లు, వెచ్చబెట్టకపోతే బూజు. మరమ్మతు సమస్యనూ ఖర్చు సమస్యనూ కార్యాలయం వేర్వేరు దస్త్రాల్లో పెట్టింది గాని, ఆ ఇంట్లో ఉన్నవారికి రెండూ ఒకటే.

తెలుగులో మొర, అర్జీ, ఫిర్యాదు అనే మూడు మాటలకు మూడు స్వరాలున్నాయి. మొర దయను ఆశిస్తుంది, అర్జీ అనుమతిని కోరుతుంది, ఫిర్యాదు తప్పు ఎవరిదో చెబుతుంది. విడివిడిగా వచ్చిన అద్దెదారులను కౌన్సిల్ మొర పెట్టుకునేవారిగానే చూసింది. 1975లో మొదలైన గోర్బల్స్ చెమ్మ వ్యతిరేక ఉద్యమం సాధించిన మొదటి మార్పు, వందలాది మొరలను ఒక్క ఫిర్యాదుగా మార్చడం. పక్కింటి గోడ కూడా నల్లగానే ఉందని తెలిసిన తర్వాత తప్పు ఒక గృహిణి అలవాట్లదనే వాదన నిలవదు. నివాసులు 1915 నాటి ఆయుధాన్నే మళ్లీ చేపట్టి అద్దె నిలిపివేశారు. కొందరికి పరిహారం, అద్దె తగ్గింపు లభించాయి.

చట్టం మాత్రం అద్దెదారు పక్షాన సులువుగా నిలవలేదు. స్కాట్లాండ్ న్యాయవ్యవస్థ వేరైనా, ఇంగ్లండ్, వేల్స్‌కు సంబంధించిన రెండు తీర్పులు సమస్య లోతును చూపుతాయి. నివాసయోగ్యం కాని ఇంటి యజమానికి మరమ్మతు నోటీసు ఇచ్చే అధికారం కౌన్సిల్‌దే. కాని తనకు తానే నోటీసు ఇచ్చుకోలేదని 1982 నాటి కార్డిఫ్ తీర్పు చెప్పింది. టాఫ్-ఎలై కౌన్సిల్ ఇంటికి సంబంధించిన 1985 తీర్పు మరింత కఠినమైనది. నమూనాలోనే లోపముండి ఆవిరి నీరై కారి సామాను కుళ్లినా, కట్టడంలో ఏ భాగమూ చెడిపోనంతవరకు దాన్ని ‘మరమ్మతు’ బాధ్యత కింద చేర్చలేమని అప్పీలు న్యాయస్థానం నిర్ణయించింది. మొదటి నుంచీ చెడ్డగా కట్టినది ‘చెడిపోయింది’ కాదు! తర్కం నిర్దుష్టం, ఫలితం దారుణం. ఇంగ్లండ్‌లో ఈ ఖాళీని పూరించిన నివాసయోగ్యతా చట్టం 2018లో గాని రాలేదు.

హచిసన్‌టౌన్ ‘ఇ’ భవనాలకు చివరి మరమ్మతు కూల్చివేతే అయింది. రాణి చేతుల మీదుగా 1972లో ప్రారంభమైన ఆ సముదాయాన్ని ఖాళీ చేయించి 1987లో నేలమట్టం చేశారు. అప్పటికి దానికి నిండా ఇరవై ఏళ్లు లేవు; దాని కోసం పడగొట్టిన పాత రాతి ఇళ్ల వంటివి నగరంలో మరోచోట నేటికీ నిలిచి ఉన్నాయి. 2002లో గ్లాస్గో కౌన్సిల్ అద్దెదారులు ఓటింగులో ఆమోదించగా, మరుసటి ఏడాది సుమారు 80,000 ఇళ్లు ఒక గృహ సంఘానికి బదిలీ అయ్యాయి. మరమ్మతుల భారంతో పాటు ఫిర్యాదు అందుకునే చిరునామా కూడా కౌన్సిల్ నుంచి మారిపోయింది.