మొల్ల యను పేరు

దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహదూర్ నగరు ప్రాంతములలో నివసించు మన కుమ్మర కుటుంబములయం దాఁడుబిడ్డలకు నవీననామములు పెక్కు వినవచ్చుచున్నవి. మొల్ల యను పేరు మాత్ర మరుదు. కొన్నియేండ్ల క్రిందట మన బంధువొకఁడు తన కూఁతున కీ పేరు పెట్టఁగా, బడిపట్టికలో ముల్లా యని వ్రాయఁబడెను. ముల్లా యనునది యరబ్బీమూలమగు గౌరవపదమేకాని యాఁడుపేరు కాదు గదా! తోడిపిల్లలు నవ్విరి. తండ్రి మమ్మడుగ వచ్చెను. మల్లిక యని మార్పుమని మేమే చెప్పితిమి. సంస్కృతము చదివితిమను గర్వమున నిచ్చిన యా సలహా తప్పని పిదపఁ దెలిసికొంటిమి.

మొల్ల యచ్చతెనుఁగు పదము. తమిళమున ముల్లై, కన్నడమున మొల్లె, మలయాళమున ముల్ల దీని తోఁబుట్టువులు. ప్రాచీన తమిళకవులు ముల్లై యను పేరును అడవిసీమకును, పతిరాకకై యోపికతో నెదురుచూచు నిల్లాలి చిత్తవృత్తికిని సంకేతముగాఁ గైకొనిరి. మన మొల్ల సంస్కృతమునఁ గుందము. అమరసింహుఁడు దానికి మాఘ్యమను పర్యాయము చెప్పెను. మాఘమాసమునఁ బూచునది గనుక నా పేరు. మల్లికయో, వేసవిపువ్వు. కావున మొల్లను మల్లికగా మార్చుట సంస్కరించుట కాదు. ఒక పువ్వును వేఱొక పువ్వుగాఁ బొరపడుట. మఱియుఁ గవులు సరస్వతీదేవి ధవళకాంతికిఁ గుందమునే యుపమానముగాఁ జెప్పుదురు.

ఆ పేరు సార్థకము చేసినది ఆతుకూరి కేసన కూఁతురు మొల్ల. కడపమండలమున బద్వేలు చేరువనున్న గోపవరము ఆమె యూరని పెక్కుర మతము. కాలము 16వ శతాబ్ది యని తలంతురు. లోకమునఁ గుమ్మరమొల్ల యని ప్రసిద్ధి. తనకు శాస్త్రపాండిత్యము లేదనియు, శ్రీకంఠమల్లేశ్వరుని కృపచేతనే కవిత్వ మబ్బిన దనియు వినయముతోఁ జెప్పుకొని, రామాయణము నాఱు కాండములుగా, సుమారు 870 గద్యపద్యములలో, సామాన్యులకుఁ దెలియు తెనుఁగున రచించెను. హైదరాబాదు ట్యాంకుబండుపై నిలిచియున్న మహనీయుల విగ్రహములలో నామెదియు నొకటి. అట్టి పేరును మనమే మన బిడ్డలనుండి తొలఁగించుచున్నాము.

ఆ బాలిక నేఁడు కళాశాలలోఁ జదువుచున్నది. మొన్న మా యింటికి వచ్చి, “తాతగారూ, నా పేరులో మీకేమి తప్పు కనఁబడినది?” అని యడిగెను. అప్పుడు మాకు మాట రాలేదు. ఈ వ్యాసమే మా యుత్తరము. కూఁతుం గనిన తలిదండ్రులారా! పేరు వెదకునపుడు దీనినిఁ దలంపుఁడు. పట్టికలో నెవ్వఁడైనఁ దప్పు వ్రాసినచో, పట్టికను దిద్దింపుఁడు, పేరును దిద్దకుఁడు.