క్రిస్టఫర్ మార్లో

క్రిస్టఫర్ మార్లో (1564–1593) మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఆంగ్ల నాటకకర్త, కవి. షేక్‌స్పియర్‌కు సమకాలికుడు.

జీవితం: కాంటర్‌బరీలో చెప్పులు కుట్టే వృత్తివారి ఇంట పుట్టాడు. 1564 ఫిబ్రవరి 26న బాప్తిస్మం పొందాడు. ఉపకారవేతనంపై కేంబ్రిడ్జిలో చదివాడు. 1587లో విశ్వవిద్యాలయం ఎం.ఏ. పట్టా ఇవ్వడానికి వెనకాడితే, అతడు రాణికి మంచి సేవ చేశాడంటూ ప్రివీ కౌన్సిల్ జోక్యం చేసుకుంది. అతడు గూఢచారిగా పనిచేశాడన్న అభిప్రాయం దీనినుంచే బలపడింది. నాస్తికుడన్న ఆరోపణలూ ఎదుర్కొన్నాడు. 1593 మే 30న డెట్‌ఫర్డ్‌లో ఇంగ్రమ్ ఫ్రైజర్ చేతిలో కత్తిపోటుకు గురై మరణించాడు. బిల్లు చెల్లింపు దగ్గర తగాదా వచ్చిందని విచారణాధికారి నమోదు చేశాడు. ఆ నివేదికను లెస్లీ హాట్సన్ వెలికితీసి 1925లో ప్రచురించాడు. హత్య వెనుక రాజకీయ కుట్ర ఉందా అన్న చర్చ నేటికీ సాగుతోంది.

రచనలు: ‘టాంబర్లేన్’, ‘డాక్టర్ ఫాస్టస్’, ‘ది జ్యూ ఆఫ్ మాల్టా’, ‘ఎడ్వర్డ్ 2’ ముఖ్య నాటకాలు. అధికారం, జ్ఞానం, సంపదల కోసం హద్దు మీరి పతనమయ్యేవారే వీటిలో ఎక్కువగా కనిపిస్తారు. జ్ఞానం కోసం సైతానుకు ఆత్మను అమ్ముకున్న ఫాస్టస్ వారిలో సుప్రసిద్ధుడు. అసంపూర్ణంగా మిగిలిన ‘హీరో అండ్ లియాండర్’ కావ్యాన్ని జార్జ్ చాప్‌మన్ పూర్తిచేశాడు.

ప్రభావం: అంత్యప్రాస లేని పంచగణ ఛందస్సు (బ్లాంక్ వర్స్) అతని చేతిలో రంగస్థలానికి తగిన శక్తిని సంతరించుకుంది. షేక్‌స్పియర్ ఆ బాటను విస్తరించాడు. ‘ఎడ్వర్డ్ 2’ను జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ 1924లో పునఃసృష్టించాడు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో 2002లో మార్లో స్మారక గవాక్షం ఏర్పాటైంది.