భవంతి నుంచి బాల్కనీకి

మెదక్ జిల్లా రేగోడ్ ప్రాంతంతో సహా తెలంగాణ పల్లెల్లో కలిగిన కుటుంబాల పాత ఇళ్లకు భవంతి ఆయువుపట్టు. చుట్టూ అర్రలు, వసారాలు ఉండి, నడుమ కప్పు లేకుండా ఆకాశానికి వదిలిన చోటును భవంతి అంటారు. కోస్తాలో ఇలాంటిదే మండువా. వేడెక్కిన గాలి ఆ ఖాళీ గుండా పైకి పోతుంటే అర్రల్లో గాలి ఆడేది. పప్పులు ఎండబోసే ఆడవారికి, బాలింతలకు, పసిబిడ్డలకు వీధిన పడకుండానే ఎండ తగిలేది. అంత స్తోమత లేనివారికి ఇంటిముందరి వాకిలే దిక్కు.

నగరం ఈ ఆరుబయటి చోటును ముందుగా మింగేసింది. హైదరాబాదులో 1908 నాటి మూసీ వరద, 1911 నాటి ప్లేగు కళ్లు తెరిపించాకనే, ఇరుకు బస్తీలకు గాలీ వెలుతురూ తేవాలన్న సంకల్పంతో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అదే కాలంలో క్షయకు మందు లేనందున వైద్యులు రోగిని ఆరుబయటి గాలిలో పడుకోబెట్టడాన్నే చికిత్సగా నమ్మారు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మొదలైన శానటోరియం, అంటే క్షయరోగులను ఉంచి విశ్రాంతి, ఆహారం, స్వచ్ఛమైన గాలి అందించే ఆసుపత్రి, ఆ నమ్మకంతో పుట్టినదే. ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో రూపొందించిన పైమియో శానటోరియం 1933లో పూర్తయినప్పుడు, రోగులు ఎండ కాచుకునే బాల్కనీలే ఆ కట్టడానికి ముఖమయ్యాయి.

1950ల చివర మద్రాసులో జరిగిన పరిశోధన, మందులు సక్రమంగా వాడితే ఇరుకింట్లో ఉన్న రోగికీ శానటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని తేల్చింది. ఇది పేదలకు గొప్ప మేలు. అయితే ఇంటికి ఆరుబయలు అవసరమన్న వాదానికి ఉన్న వైద్యపరమైన బలం కూడా దీనితో సడలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చిన 1987 నాటికి భవంతి జ్ఞాపకంగా మిగిలింది; బాల్కనీ దాని చివరి తునక. ఆ తునకకూ గ్రిల్లు, అద్దాలు బిగించి గదిలో కలుపుకోవడం మామూలైంది.

ఇక్కడ నష్టం చిన్నది కాదు. ఎముకల పుష్టికి అవసరమైన విటమిన్ డి, ఎండలోని అతినీలలోహిత కిరణాలలో యూవీ-బి అనే భాగం చర్మాన్ని తాకినప్పుడే ఒంట్లో తయారవుతుంది. మామూలు కిటికీ అద్దం ఆ భాగాన్ని దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది కనుక, మూసిన బాల్కనీలో కూర్చున్న వృద్ధురాలికి ఎండ వెచ్చదనం తగులుతుంది గాని ఎముకలకు దాని సత్తువ అందదు.