మొదటి ప్రైమ్ లెన్స్: 35 కొనాలా, 50 కొనాలా?

జిల్లాల్లో వార్తలు రాస్తూ, ఫోటోలు, వీడియోలు తీస్తున్న మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది క్రాప్ సెన్సార్ కెమెరానే. కొత్తది కొన్నా, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, దానితో పాటు వచ్చేది 18-55 కిట్ లెన్స్. పగటిపూట కలెక్టరేట్ ముందు ధర్నా తీయడానికి అది చాలు. చీకటి పడ్డాకే దాని సంగతి బయటపడుతుంది. మనకేమో చాలా పనులు చీకటి పడ్డాకే మొదలవుతాయి. కూలికి పోయినవాళ్లు ఇంటికొచ్చేది అప్పుడు. వాడలో మీటింగ్ పెట్టేది అప్పుడు. ఏప్రిల్ 14న ఊరేగింపు జోరందుకునేది కూడా అప్పుడే. ఒక్క ట్యూబ్‌లైటు కింద కూర్చుని ఒక తల్లి జరిగింది చెబుతుంటే, ఆమె ముఖం మసకగా, ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా వచ్చిందంటే ఆ ఫోటో ఎందుకూ పనికిరాదు. ఫోటో కోసం ఆమెను మళ్లీ కూర్చోబెట్టి అదంతా చెప్పించలేం, చెప్పించకూడదు.

ఇలాంటి చోట పనికొచ్చేది ప్రైమ్ లెన్స్. జూమ్ ఉండదు, ఒకే ఫోకల్ లెంగ్త్. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్లాలి, దూరంగా కావాలంటే మనమే వెనక్కి జరగాలి. జూమ్ వదులుకున్నందుకు ప్రతిఫలంగా దక్కేది వెలుతురు. అది ఎంతో లెక్క వేసి చూద్దాం. కిట్ లెన్స్‌ను 55 దాకా తిప్పితే అపెర్చర్ ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. చవకైన ప్రైమ్ లెన్స్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే సుమారు 9.7. అంటే అదే షట్టర్ స్పీడులో దాదాపు పది రెట్ల వెలుతురు సెన్సార్ మీద పడుతుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన గదిలో ప్రైమ్‌తో 640 సరిపోతుంది. కెమెరా బాడీ మార్చి ఇంత తేడా తెచ్చుకోవాలంటే అయ్యే ఖర్చు వేరు. అందుకే చేతిలో కొద్దిపాటి డబ్బు ఉండి, ‘కొత్త బాడీ కొనాలా, లెన్స్ కొనాలా’ అని అడిగేవాళ్లకు లెన్సే కొనమని చెబుతాం.

ఇక క్రాప్ సంగతి. పాత ఫిల్మ్ ఫ్రేమ్ కొలత 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. ఇప్పటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలదీ అదే. నికాన్ డీఎక్స్, సోనీ, ఫ్యూజీ క్రాప్ సెన్సార్ల వెడల్పు సుమారు 23.5 మి.మీ.; కెనాన్‌ది ఇంకాస్త చిన్నది, 22.3 మి.మీ. లెన్స్ చూపించే దృశ్యంలో అంచులు పోయి నడిమి భాగమే మిగులుతుంది కాబట్టి, లెన్స్ మీద ఉన్న అంకెను నికాన్, సోనీ, ఫ్యూజీలకు 1.5తో, కెనాన్‌కు 1.6తో గుణించి ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చుకుంటాం. అలా 50 కాస్తా 75 లేదా 80 అవుతుంది. 35 అయితే 52 లేదా 56. 24 అయితే 36 లేదా 38. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడుతుంటారు. ‘క్రాప్ కోసమే చేసిన లెన్స్ కదా, దాన్ని గుణించక్కర్లేదు’ అనుకుంటారు. డీఎక్స్ లెన్స్ మీద 35 అని ఉంటే అది 35 మి.మీ.నే, పోలికకు దాన్నీ గుణించాల్సిందే.

‘ఫిఫ్టీ కొను, అదే అసలైన లెన్స్’ అనే సలహా ఫిల్మ్ కాలం నుంచి వస్తోంది. హెన్రీ కార్టియే బ్రెసన్ తన లైకాతో ఎక్కువగా వాడింది 50 అని అందరూ చెబుతారు. నిజమే, కానీ ఆయన వాడింది పూర్తి ఫ్రేమ్ మీద. క్రాప్ కెమెరాలో ఆ చూపు కావాలంటే 35 కొనాలి. క్రాప్ మీద 50 అనేది ముఖాలు తీసే లెన్స్. ఇది తెలియక ఫిఫ్టీ కొని, ఇంట్లోకి వెళ్లి గోడకు వీపు ఆనించి నిలబడినా సగం మనుషులే ఫ్రేమ్‌లో పట్టి విసుక్కున్నవాళ్లు చాలామంది.

గుణకారం గుర్తుపెట్టుకోవడం కంటే తేలికైన లెక్క ఒకటి ఉంది. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ కెమెరాను అడ్డంగా పట్టుకుంటే, 24 మి.మీ. లెన్స్‌లో మీరు ఎంత దూరంలో నిలబడితే సుమారు అంత వెడల్పు పడుతుంది. 35లో ఆ దూరంలో మూడింట రెండొంతులు. 50లో సగం కంటే కొంచెం తక్కువ. కెనాన్‌లో ఇవన్నీ ఇంకాస్త తగ్గుతాయి. దీన్ని పదడుగుల గదికి అన్వయించండి. ఒక గోడ దగ్గర నిలబడి ఎదుటి గోడను తీస్తే 24లో తొమ్మిదిన్నర అడుగులకు పైగా, 35లో సుమారు ఆరున్నర అడుగులు, 50లో నాలుగున్నర అడుగులకు కాస్త ఎక్కువ కనిపిస్తుంది. మంచం మీద ముగ్గురు కూర్చున్న కుటుంబం 35లో సరిపోతుంది, 50లో ఒకరు బయట ఉండిపోతారు. నిలబడ్డ మనిషిని పైనా కిందా కాస్త జాగా వదిలి తీయాలంటే, కెమెరాను నిలువుగా పట్టుకున్నా 50కి 14 అడుగులు వెనక్కి పోవాలి. ఇందిరమ్మ ఇంట్లో 14 అడుగులు ఎక్కడి నుంచి తెస్తాం?

ఛాతీ దాకా ముఖచిత్రం తీసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. నిలువుగా పట్టుకుంటే 50తో ఐదడుగుల పైచిలుకు దూరం చాలు, 35తో నాలుగడుగుల లోపుకి, 24తో రెండున్నర అడుగులకు వెళ్లాలి. ఇంత దగ్గరికి పోతే కెమెరాకు దగ్గరున్న ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. తప్పు లెన్స్‌ది అంటారు గానీ, అసలు కారణం దూరమే. పైగా కష్టంలో ఉన్న మనిషి ముఖానికి రెండడుగుల్లో కెమెరా పెట్టడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అలాగని రోడ్డు అవతలి నుంచి పొడవాటి జూమ్‌తో తీస్తే దొంగచాటుగా తీసినట్టే ఉంటుంది. నాలుగైదడుగుల దూరం అంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే దూరం. ఆ దూరంలో 35, 50 రెండూ పనిచేస్తాయి: 35లో మనిషీ, వెనక ఆ ఇల్లూ కనిపిస్తాయి; 50లో మనిషే కనిపిస్తాడు. ముంబై పారిశుధ్య కార్మికుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సుధారక్ ఓల్వే ఫోటోలు, తమిళనాడు పారిశుధ్య కార్మికుల మీద ఎం. పళని కుమార్ చేసిన ఫోటోలు ఓపిగ్గా చూడండి. ముఖం చుట్టూ ఆ పని, ఆ చోటు ఎంత ఉంచాలో వాటిని చూస్తే అర్థమవుతుంది.

కాబట్టి ఒక్కటే కొనగలిగితే 35 అన్నది మా మాట. మీరు తీసేవి ఎక్కువగా ఇంటర్వ్యూలు, ఆరుబయట సభల్లో వక్తల ముఖాలు అయితే 50. డబ్బు పెట్టేముందు రూపాయి ఖర్చు లేకుండా చూసుకునే దారి ఉంది. కిట్ లెన్స్‌ను 35 దగ్గర పెట్టి జూమ్ రింగ్ కదలకుండా టేప్ అంటించండి. వారం రోజులు దానితోనే తీయండి, తర్వాత వారం 50 దగ్గర. పాత ఫోటోల వివరాల్లో ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో రాసి ఉంటుంది, అవీ ఒకసారి తిరగేయండి.

ఏ కెమెరాకు ఏది

నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకు పని సులువు. ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జి 2009 నుంచి ఉంది. బరువు 200 గ్రాములు, అడుగు దూరం దాకా ఫోకస్ అవుతుంది, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతుంది. 50లో అయితే లెన్స్ పేరు చివరి అక్షరం చూసి కొనండి. ఎఫ్/1.8డి అనే పాత లెన్స్ చవకగా వస్తుంది, కానీ దానిలో ఫోకస్ మోటారు లేదు. డీ3100, డీ3500, డీ5300, డీ5600 లాంటి డీ3000, డీ5000 వరుస కెమెరాల బాడీలోనూ మోటారు లేదు. రెండూ కలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఎఫ్/1.8జి తీసుకుంటే ఆ బాధ ఉండదు.

కెనాన్ డీఎస్ఎల్ఆర్ వాళ్లకే చిక్కు. ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం, 2015లో వచ్చింది, 160 గ్రాములు, పెట్టిన డబ్బుకు ఇంతకంటే మంచి లెన్స్ చూపించడం కష్టం. కానీ అది క్రాప్ మీద 80. నికాన్‌కు ఉన్నట్టు చవకైన 35 ఎఫ్/1.8 కెనాన్ చేయలేదు. ఈఎఫ్-ఎస్ 24 మి.మీ. ఎఫ్/2.8 ఎస్‌టీఎం ఉంది. 125 గ్రాములు, జేబులో పట్టేంత పలచన, 16 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది. ఇరుకు ఇళ్లలో మాకు బాగా నచ్చే లెన్స్ ఇది. అయితే ఎఫ్/2.8 అంటే ఎఫ్/1.8లో పడే వెలుతురులో సగం కూడా లేదని మరిచిపోవద్దు. యాంగ్‌నువో 35 మి.మీ. ఎఫ్/2 కూడా ఉంది గానీ, దాని మోటారు చప్పుడు వీడియోలో వినిపిస్తుంది. ఫోటోలకే అయితే పర్వాలేదు.

మిర్రర్‌లెస్‌లో సోనీకి ఈ 35 మి.మీ. ఎఫ్/1.8 ఓఎస్ఎస్ ఉంది. చేతి వణుకును సర్దే ఏర్పాటు లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి వీడియో తీసేవాళ్లకు అదే మేలు. సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4లో ఆ ఏర్పాటు లేదు, వెలుతురు మాత్రం ఎక్కువ. ఫ్యూజీకి ఎక్స్‌సీ 35 మి.మీ. ఎఫ్/2, ఖరీదైన ఎక్స్ఎఫ్ 35 ఎఫ్/2లో ఉన్న గాజే దీనిలోనూ ఉంటుంది. కెనాన్ ఆర్50, ఆర్10 మీద అడాప్టర్ పెట్టి పాత ఈఎఫ్ లెన్సులు వాడుకోవచ్చు, ఆటో ఫోకస్ పోదు. నికాన్ జెడ్ కెమెరాలకూ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఉంది, కానీ దాని మీద మోటారు ఉన్న లెన్సులకే ఆటో ఫోకస్ పనిచేస్తుంది.

వాడేటప్పుడు

ఎఫ్/1.8 ఉంది కదా అని ఎప్పుడూ పూర్తిగా తెరిచి పెట్టకండి. 50తో ఐదడుగుల దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. ఇద్దరు ముందు వెనకగా కూర్చుంటే ఒకరు పోతారు. ఎఫ్/4కు తెస్తే ఆ లోతు రెట్టింపు దాటుతుంది. ట్యూబ్‌లైటు మన కరెంటుకు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే ఫోటోలో అడ్డ చారలు రావు. డప్పు కొట్టే చేయి ఆగినట్టు రావాలంటే 1/250 అయినా కావాలి, అక్కడ ఐఎస్ఓ పెంచుకోక తప్పదు.

నల్లని ముఖాల విషయం విడిగా చెప్పాలి. ఫిల్మ్ రోజుల్లో కోడక్ ల్యాబులకు పంపిన ‘షర్లీ కార్డుల’ మీద ఉండేది తెల్లజాతి స్త్రీ ఫోటో. ప్రింటులో ఆ చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. మిగతా ప్రపంచం మొహాలు ఎలా వచ్చినా చాలాకాలం పట్టించుకోలేదు. డిజిటల్‌లో ఇబ్బంది వేరే రకం. ఫోటోలో గింజలు ముందుగా పట్టేది చీకటి భాగాలనే. వెనక సున్నం గోడో, గుమ్మంలో తెల్లని ఆకాశమో ఉంటే కెమెరా మీటర్ దాన్ని చూసి మొత్తం ఫోటోను తగ్గించేస్తుంది, ముఖం బొగ్గులా మారుతుంది. తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే ముఖంతో పాటు గింజలూ పెరుగుతాయి. కాబట్టి స్పాట్ మీటరింగ్‌తో ముఖం మీద కొలవండి, లేదా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా ప్లస్ వైపు జరపండి. గోడ తెల్లబడినా ఫర్వాలేదు. ఫోటో గోడది కాదు కదా.

ఇంకొకటి. వెనక భాగం బాగా మసకబారింది కాబట్టి అక్కడున్న మనిషిని ఎవరూ గుర్తుపట్టరని అనుకోవద్దు. ఎఫ్/1.8 మసక అపరిచితులకు మసక. ఊళ్లోవాళ్లు చీర రంగు, తలుపు, నిలబడ్డ తీరు చూసి ఇట్టే పోల్చేస్తారు. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం, పాత ఐపీసీలో అది 228ఎ. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23 ఉంది. అలాంటి ఇంట్లో ముఖం వైపు లెన్స్ తిప్పకండి, ఇంటి ఆనవాళ్లు కూడా రానివ్వకండి. చేతులు తీయండి, ఒడిలో ఉన్న కాగితాలు తీయండి, వాటి మీద పేర్లు కనిపించకుండా.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు హైదరాబాద్ కోఠిలో కొన్నా, పక్క ఊరి స్టూడియోలో కొన్నా సొంత కెమెరా పట్టుకెళ్లండి. బిగించి, దగ్గరి వస్తువు మీద, దూరపు వస్తువు మీద పదిసార్లు ఫోకస్ చేయించండి. లెన్స్ విప్పి సెల్‌ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దనండి. నాలుగు ధూళి కణాలు ఉంటే భయం లేదు. అపెర్చర్ రెక్కల మీద నూనె మరకలు ఉండకూడదు. కోస్తా తేమలో ఫంగస్ తొందరగా పడుతుంది కాబట్టి కొన్నాక లెన్స్‌ను సంచిలోనే నెలల తరబడి మూసి ఉంచకండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, పొట్లాలు తేమ పీల్చాక మార్చండి.