వీడియో ఆపండి, మాట్లాడుకుందాం

ఒంగోలు దాటి చీమకుర్తి రోడ్డెక్కుతారు. గ్రానైట్ లారీల దుమ్ములోంచి పక్కదారి పట్టగానే నల్లరేగడి, పూత మీదున్న మిరప. నవంబరు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఊరి మొదట్లోనే రైతు సేవా కేంద్రం. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, 2024లో పేరు మారిన ఇలాంటి ఆఫీసులు రాష్ట్రంలో 10 వేలకు పైనే ఉన్నాయి.

చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికొస్తారు. ఎరువుల బస్తాల ఘాటు, గోడకు టీవీ. చుట్టుపక్కల ఊళ్ల వ్యవసాయ సహాయకులంతా ఇవాళ ఇక్కడే కూడారు. మండల వ్యవసాయాధికారి కూడా వాళ్ల మధ్యే కూర్చున్నాడు. ఓ పెద్దాయన వేళ్లతో సహా పీకిన మిరప మొక్కను తెచ్చి బల్ల మీద పెడతాడు.

"పై ముడతా, కింది ముడతా బాబాయ్?" ఓ సహాయకురాలు అడుగుతుంది.

ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఇది ఇక్కడ అందరికీ నోటికొచ్చిన పాఠమే. "ముడత కాదమ్మా, పూత రాలిపోతా ఉంది" అంటాడాయన.

ఆమె ఓ పువ్వు తుంచి తెల్లకాగితం మీద తడుతుంది. మీరూ వంగి చూడండి. మిల్లీమీటరు ఉంటాయో ఉండవో, నల్లటి నలుసులు రాలాయి. అవి కదులుతున్నాయి. ఒకటి అప్పుడే కాగితం అంచుదాకా పరుగెత్తింది.

"నాకు రూఢిగా తెలియదు సార్."

ఎవరూ నవ్వరు. "అయితే అడుగుదాం" అంటూ అధికారి కాగితానికి నీడగా అరచెయ్యి అడ్డం పెడతాడు. ఆమె ఫొటో తీసి, శాస్త్రవేత్తలున్న వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. జవాబుకు ముందు ప్రశ్న వస్తుంది: పువ్వు లోపల ఎలా ఉంది? ఇప్పటిదాకా ఏ మందులు కొట్టారు? మూడు మందులు కలిపి కొట్టానని పెద్దాయన చెబుతాడు. ఆ తర్వాతే తేలుతుంది, ఇది నల్ల తామర పురుగని.

మన దేశంలో ఇది తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనబడింది. 2021 చివర్లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను ఊడ్చిపెట్టింది. 2019లో గ్రామ సచివాలయాలతో పాటే ఉద్యోగంలో చేరిన ఇలాంటి సహాయకుల కాలేజీ మిరప పాఠంలో ఇది ఉండే వీలే లేదు. చేలోకి కొత్త పురుగు వచ్చినప్పుడల్లా చదువు పాతబడుతుంది. అందుకే కొలువులో చేరాక కూడా చదువు సాగాల్సిందే.

టీవీలో వీడియో మొదలవుతుంది. చేలో జిగురు అట్టలు కడుతున్న రైతు కనబడగానే అధికారి ఆపేస్తాడు. "నీలం అట్టే ఎందుకు?"

"తామర పురుగు నీలానికి వస్తది సార్. పసుపుకైతే తెల్లదోమ, పేనుబంక."

"ఎంత ఎత్తున కట్టాలి?" ఈసారి అడిగింది పెద్దాయన. పైరు తలలకు సమానంగా అని ఒకరు, మొక్క ఎదిగేకొద్దీ పైకి జరపాలని మరొకరు. ఆ రెండో మాట వీడియోలో లేదు. రిజిస్టరులోకి ఎక్కింది.

ఇలా ఆపి అడిగే పద్ధతికి పరీక్ష ఎప్పుడో జరిగింది. డిజిటల్ గ్రీన్ సంస్థ 2008లో ఏర్పడింది. ఊళ్లోని రైతులతోనే తీసిన చిన్న వీడియోలను ఊళ్లోనే వేసి, మధ్యమధ్యలో ఆపి మాట్లాడించడం దాని పద్ధతి. కర్ణాటకలో 16 గ్రామాల్లో 13 నెలలు పోల్చి చూస్తే, మామూలు వ్యవసాయ విస్తరణ పద్ధతి కంటే కొన్ని సాగు పద్ధతులను రైతులు 7 రెట్లు ఎక్కువగా పాటించారు. అక్కడా వీడియో ఒక్కటే పని చేయలేదు. ఆపి అడిగే మనిషి పక్కన ఉన్నాడు.

ఇంతలో ఫోన్లు మోగుతాయి. ఈ-పంట నమోదు ఎంతదాకా వచ్చిందని పైనుంచి వాకబు. ఇద్దరు లేచి బయటికి వెళతారు. చర్చ తెగిపోతుంది. సహాయకుల రోజులో నేర్చుకునే గంటను ముందు మింగేది ఇలాంటి పనులే.

టీవీ, ఫోన్, గ్రూపు, అన్నీ ఈ గదిలో ఉన్నాయి. కావాల్సింది వారానికో గంట, ఏ లెక్కలూ అడగని గంట. పనితీరు చూసేటప్పుడు ఎన్ని వీడియోలు వేశారని కాకుండా, ఏ ప్రశ్న వచ్చింది, దాని జవాబు ఏ చేనుదాకా వెళ్లింది అని పైవాళ్లు అడగాలి. తెలియదన్న సహాయకురాలికి ఆ మాట తప్పుగా కాక పని మొదలుగా లెక్కకు రావాలి. ఈ మూడూ జరిగితే మరో కొత్త పురుగు వచ్చేనాటికి ఈ ఊరు సిద్ధంగా ఉంటుంది.